రోమ్ అడిగింది నాణెం, ఇన్కా అడిగింది పనిదినం

1549లో స్పానిష్ అధికారులు నేటి పెరూ దేశంలోని వానుకో కొండసీమకు వెళ్లి, చుపాచు అనే తెగ పెద్దలను కూర్చోబెట్టి, ఇన్కా రాజుల కాలంలో మీరు ఏమేమి చెల్లించేవారని అడిగారు. సుమారు 4,000 కుటుంబాల తరఫున ఆ పెద్దలు ఒప్పజెప్పిన జాబితా చిత్రమైనది. ప్రతి 100 ఇళ్లకూ ముగ్గురు మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్ల చొప్పున బంగారు గనులకు. ఇన్కా రాజధాని కుస్కో నగరంలో గోడలు కట్టడానికి 400 మంది. అక్కడి పొలాలు సాగుచేయడానికి మరో 400 మంది. మేలురకం బట్ట నేయడానికి 400 మంది. ఉప్పు తీయడానికి 40 మంది. తేనె తీయడానికి, పక్షి ఈకలు సేకరించడానికి, కోటల కాపలాకు, చనిపోయిన రాజు దేహానికి సేవ చేయడానికి ఇంకొందరు. ఆ జాబితా పొడుగునా ఉన్నది మనుషుల లెక్కే. ఇంత వెండి, ఇన్ని పుట్ల ధాన్యం మా ఇంటి నుంచి ఇచ్చాం అన్న మాట అందులో లేదు.

దీని పక్కన రోమన్ పాలనలోని ఈజిప్టు నుంచి దొరికిన రసీదులను పెట్టి చూడాలి. అక్కడ పద్నాలుగేళ్లు నిండిన ప్రతి సామాన్యుడూ ఏటా తలపన్ను కట్టాలి. కట్టినవాడికి వసూలుదారు ఒక పగిలిన కుండపెంకు మీద సిరాతో పేరు, తండ్రి పేరు, చక్రవర్తి పాలనా సంవత్సరం, ఇన్ని ద్రాక్మాలు ముట్టాయన్న మాట రాసి ఇచ్చేవాడు. దక్షిణ ఈజిప్టు ఇసుకలో ఇలాంటి పెంకులు కుప్పలుగా దొరికాయి. అక్కడ మనిషి ఏం పని చేశాడన్నది రాజ్యానికి అక్కర్లేదు. చేతికి నాణెం వస్తే చాలు.

రెండు సామ్రాజ్యాల తేడాలను చెప్పేటప్పుడు సాధారణంగా రోమ్‌కు లిపి ఉంది, ఇన్కాలకు లేదు. రోమ్‌కు చక్రం, ఇనుము, గుర్రం ఉన్నాయి, ఇన్కాలకు లేవు అంటూ ఉన్నవీ లేనివీ ఏకరువు పెడతారు. అవన్నీ నిజమే. కానీ పాలన ఎలా నడిచిందో అర్థం కావాలంటే, రాజ్యం తన ప్రజల దగ్గర ఏ రూపంలో తీసుకుంది అన్న ప్రశ్న ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. ఎవరిని లెక్కపెట్టాలి, లెక్క ఎవరి చేతిలో ఉండాలి, తీసుకున్నది ఎక్కడ దాచాలి, బదులుగా ఏమివ్వాలి, చివరికి రాజ్యం ఎక్కడ పగులుతుంది అన్నవన్నీ చాలావరకు ఆ ఒక్క ప్రశ్నకు దొరికిన జవాబు మీదే ఆధారపడ్డాయి.

ముందుగా కాలం సంగతి. రోమ్ అంటే వెయ్యేళ్ల చరిత్ర, అందులో పాలనా పద్ధతులు ఎన్నోసార్లు మారాయి. ఇక్కడ ప్రధానంగా చెప్పేది క్రీ.పూ. 27లో అగస్టస్ అధికారంలో స్థిరపడినప్పటి నుంచి సుమారు రెండు శతాబ్దాల పాటు నడిచిన రోమ్ గురించి. ఇన్కా సామ్రాజ్యం ఆయుష్షు దీనితో పోలిస్తే చాలా చిన్నది. కుస్కో లోయలో ఒక చిన్న రాజ్యంగా ఉన్నది పచాకుతి రాజు కాలంలో, అంటే సంప్రదాయ లెక్క ప్రకారం 1438 నుంచి, విస్తరించడం మొదలుపెట్టి, 1532లో స్పానిష్ దండు చేతికి చిక్కే నాటికి నేటి దక్షిణ కొలంబియా నుంచి చిలీ నడిబొడ్డు దాకా సుమారు 4,000 కిలోమీటర్ల పొడవున పరచుకుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. రోమన్ల గురించి రోమన్లే రాసుకున్నారు. ఇన్కాల గురించి రాసినవారు వారిని ఓడించినవారు, లేదా ఓటమి తరవాత పుట్టి స్పానిష్ నేర్చుకున్న వారసులు. అందుచేత ఇన్కా పాలన మన కళ్ల ముందుకు వచ్చేసరికి కాస్త ఎక్కువ సాఫీగా, కాస్త ఎక్కువ క్రమబద్ధంగా కనిపిస్తుందన్న సంగతి మనసులో ఉంచుకోవడం మంచిది.

ఆండీస్ పర్వతాల్లో నాణెం ఎందుకు పుట్టలేదు అన్నదానికి భూగోళమే సగం జవాబు చెబుతుంది. అక్కడ ఒక రోజు నడకలో ఋతువులు మారిపోతాయి. 3,500 మీటర్ల పైన బంగాళాదుంప, దానికి పైన లామాలూ అల్పాకాలూ మేసే బీళ్లు, కిందకు దిగితే మొక్కజొన్న, ఇంకా దిగితే వెచ్చని లోయల్లో కోకా ఆకు. ఒక్కో సమాజం తన మనుషులనే వేర్వేరు ఎత్తుల్లో ఉంచి, తనకు కావలసినవన్నీ తానే పండించుకునే పద్ధతి ఇన్కాలకు ముందునుంచే ఉంది. సంతలో కొనవలసిన అవసరం తక్కువ కాబట్టి డబ్బు అవసరమూ తక్కువ. పెరూ తీరంలో వర్తకులు ఉన్నమాట నిజమే గానీ, కొండసీమలో అసలైన ఆస్తి పని చేయగల చేతులు. ఇరుగుపొరుగు వంతులవారీగా ఒకరి పొలంలో ఒకరు పనిచేసి, పని చేయించుకున్నవాడు తిండి పెట్టి మద్యం పోసే ఆచారం అక్కడి పల్లెల్లో ఉండేది. ఇన్కాలు ఆ ఆచారాన్నే ఎత్తి రాజ్యమంత చేశారు. దాని పేరు మిత. కెచువా భాషలో ఆ మాటకు అర్థం, మన పల్లెల్లో చెరువు నీళ్ల దగ్గర వినిపించే మాటే: వంతు.

తెలుగు పాఠకులకు ఇక్కడ వెట్టిచాకిరి గుర్తుకు రాకమానదు. పోలిక కొంతవరకే నిలుస్తుంది. వెట్టిలో చేసినవాడికి కూలీ లేదు, తిండి గ్యారంటీ లేదు, వంతు తీరేదీ లేదు. మితలో ఇంటికింత అని లెక్క ఉంది. పనిలో ఉన్నన్నాళ్లూ తిండి, పనిముట్లు, గింజలు, ఉన్ని రాజ్యమే ఇవ్వాలి. వెళ్లినవాడి పొలాన్ని ఊళ్లో మిగిలినవారు సాగుచేయాలి. అయినా, వెళ్లనని చెప్పే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఇరవయ్యో శతాబ్దంలో కొందరు ఐరోపా రచయితలు దీన్ని చూసి సోషలిస్టు సామ్రాజ్యం అని మురిసిపోయారు. గని లోతుల్లోకి వంతు పడినవాడి అభిప్రాయం వారికి అందుబాటులో లేదు మరి.

పనిని పన్నుగా తీసుకునే రాజ్యానికి మొదట కావలసింది మనుషుల లెక్క, అదీ ఎప్పటికప్పుడు తాజాగా. పొలం కదలదు, కాబట్టి ఒకసారి కొలిస్తే ఏళ్ల తరబడి శిస్తు వేయవచ్చు. మనుషులు పుడతారు, పెరుగుతారు, జబ్బుపడతారు, ముసలివారవుతారు. అందుకే ఇన్కా జనగణనలో మనిషికి ఎన్నేళ్లు అన్నదాని కంటే ఏ పనికి పనికొస్తాడు అన్నదే ముఖ్యం. పొలంలో పిట్టలు తోలే పిల్లవాడు ఒక తరగతి, సందేశాలు మోసే కుర్రవాడు ఒక తరగతి, ఇంటి యజమానిగా పూర్తి వంతు మోసే వయోజనుడు మరో తరగతి. ఆ యజమానులను పదేసి, వందేసి, వేయేసి, పదివేలేసి ఇళ్ల బృందాలుగా కట్టి, ఒక్కో బృందం మీద ఒక్కో నాయకుణ్ణి పెట్టారు. వంద ఇళ్లు పచక, వేయి ఇళ్లు వరంక, పదివేలు హును. చుపాచు తెగవారు తమను నాలుగు వరంకలుగా చెప్పుకోవడం ఇందుకే.

ఈ లెక్కలన్నీ ముడుల్లో ఉండేవి. ఖిపు అనేది చూడటానికి ఒక అల్లిక తోరణంలా ఉంటుంది. అడ్డంగా ఒక లావుపాటి తాడు, దాని నుంచి వేలాడే పదులు, కొన్నిసార్లు వందల సన్నని దారాలు. ఒక్కో దారం ఒక్కో పద్దు. దారం కొసకు దగ్గరగా ఉన్న ముడులు ఒకట్లు, వాటిపైన పదులు, ఇంకా పైన వందలు. ఒకట్ల స్థానంలో వేసే ముడికి ఎన్ని చుట్లు ఉంటే అంత సంఖ్య; ఒకటికి మాత్రం 8 అంకె ఆకారంలో వేరే ముడి. సున్నా ఉన్నచోట ఏమీ ఉండదు, ఖాళీ దారమే సున్నా. దారపు రంగు, పేనిన దిశ, వరస ఇవన్నీ అర్థం ఉన్నవే. అంకెలను పరిశోధకులు చదవగలిగారు. అంకెలు కాని ఖిపులు నేటికీ ఎవరికీ లొంగలేదు.

లిమా నగరం అంచున ఉన్న పురుచుకో అనే చోట ఒక ఇంట్లో కొన్ని ఖిపులు కలిసి దొరికాయి. వాటి సంఖ్యలను 2005లో పరిశోధకులు కంప్యూటర్‌లో ఎక్కించి పోల్చినప్పుడు తెలిసిందేమిటంటే, అవి మూడు అంతస్తుల లెక్కలు. కింది అంతస్తు ఖిపులో వరసగా ఉన్న కొన్ని దారాల మొత్తం, పై అంతస్తు ఖిపులో ఒకే దారంగా కనిపిస్తోంది. దాని మొత్తాలు మళ్లీ ఇంకో పైదానిలోకి ఎక్కాయి. కరణం చిట్టాలోని పద్దులు ఆవర్జాలోకి, అక్కడి నుంచి తాలూకా కచేరీ లెక్కల్లోకి ఎక్కినట్టే. అక్షరం లేని రాజ్యంలో ఆడిట్ ఉండేదన్నమాట. నాకు ఇన్కా కట్టడాల కంటే ఈ దారాల కూడిక ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది.

రోమ్ కూడా జనాన్ని లెక్కించింది. ఈజిప్టులో పద్నాలుగేళ్లకోసారి ఇంటింటి జాబితాలు తీసింది, మిగతా రాష్ట్రాల్లో భూమినీ తలలనూ నమోదు చేసింది. ఇన్కాలు కావాలనుకున్నంత దగ్గరగా మాత్రం రోమ్ తన ప్రజలను చూడాలనుకోలేదు. 5 నుంచి 6 కోట్ల జనాభా ఉన్న సామ్రాజ్యానికి రోమ్ నగరం నుంచి వెళ్లిన ఉన్నతాధికారులు రెండు వందలకు మించరు. ఈ సంఖ్య మొదటిసారి విన్నప్పుడు నమ్మబుద్ధి కాదు. మరి పని ఎవరు చేసేవారంటే, ఊళ్లు చేసేవి. సామ్రాజ్యంలో సుమారు 2,000 నగరాలు ఉండేవి. ఒక్కో నగరం తన చుట్టూ ఉన్న పల్లెలతో కలిసి ఒక చిన్న పాలనా ఘటకం. దానికి స్థానిక ఆస్తిపరులతో ఒక సభ; పశ్చిమ ప్రాంతాల్లో తరచుగా వంద మంది సభ్యులు. నగరం మొత్తానికి ఇంత పన్ను అని రోమ్ నిర్ణయించేది, ఎవరి దగ్గర ఎంత వసూలు చేయాలో ఆ సభ చూసుకునేది, తక్కువ పడితే తామే పూడ్చుకోవాలి. అంతకుముందు గణతంత్ర కాలంలో పన్ను వసూలును వేలం పాడుకున్న గుత్తేదారులు రాష్ట్రాలను పీల్చిపిప్పి చేసిన అనుభవం ఉంది. సిసిలీని దోచిన గవర్నర్ వెర్రెస్ మీద క్రీ.పూ. 70లో సిసెరో నడిపిన కేసు ఆ కాలపు పాలన ఎంత కుళ్లిందో చెబుతుంది. అగస్టస్ తరవాత భూమి పన్నులోనూ తలపన్నులోనూ గుత్తేదారుల పాత్ర క్రమంగా తగ్గిపోయింది.

స్థానిక పెద్దమనిషి ఈ బాధ్యత ఎందుకు మోశాడన్నది అసలు విషయం. అతనికి జీతం లేదు. కానీ తన ఊళ్లో తన ఆస్తికి, హోదాకు రోమ్ అండ ఉంది. అతను కట్టించిన స్నానశాల మీదో రంగస్థలం మీదో రాతిపై పేరు పడుతుంది. అతని కొడుకో మనుమడో రోమ్ సెనేట్‌లో కూర్చునే అవకాశమూ ఉంది. ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తులు ఇద్దరూ స్పెయిన్‌లో స్థిరపడిన కుటుంబాల వారు. సెప్టిమియస్ సెవెరస్ ఆఫ్రికాలోని లెప్టిస్ మాగ్నా ఊరివాడు.

ఆ ఊళ్ల మీద కేంద్రం పట్టు ఎలా ఉండేదో తెలియాలంటే ప్లినీ ఉత్తరాలు చూడాలి. సుమారు క్రీ.శ. 110లో ట్రాజన్ ఇతన్ని నల్లసముద్రపు దక్షిణ తీరంలోని బిథీనియా-పాంటస్‌కు గవర్నర్‌గా పంపాడు. అక్కడి నికోమీడియా, అంటే నేటి టర్కీలోని ఇజ్మిత్, ఒక నీటి కాలువ కోసం 33,18,000 సెస్టర్షెస్ ఖర్చు పెట్టి సగంలో వదిలేసింది. ఇంకో కాలువ మొదలుపెట్టి మరో 2,00,000 పోసి అదీ వదిలేసింది. డబ్బు ఎవరి జేబులోకి పోయిందో కనిపెట్టమని చక్రవర్తి జవాబు రాశాడు. అదే ఊళ్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఇళ్లు తగలబడినప్పుడు, మంటలార్పే సాధనం ఒక్కటీ లేదని, బకెట్ కూడా లేదని గమనించిన ప్లినీ, 150 మందితో ఒక అగ్నిమాపక దళం పెట్టుకోవచ్చా అని అడిగాడు. ట్రాజన్ ఒప్పుకోలేదు. ఏ పేరుతో జనం ఒకచోట చేరినా చివరికి రాజకీయ ముఠా అవుతారు, సామగ్రి కొని పెట్టండి, ఇళ్లవాళ్లే ఆర్పుకుంటారు అన్నాడు. ఇంత పెద్ద సామ్రాజ్యాధినేత ఒక ఊరి బకెట్ల సంగతి దాకా చూడటం ఒక వైపు. రెండు కాలువల డబ్బు గల్లంతయ్యే దాకా ఎవరికీ పట్టకపోవడం మరో వైపు. రోమన్ పాలన ఈ రెంటి మధ్యన నడిచింది: ఖజానాకు రావలసింది వస్తున్నంత కాలం, నలుగురు గుమిగూడనంత కాలం, మీ ఊరు మీ ఇష్టం.

ఇన్కాలు కూడా స్థానిక పెద్దలను తీసిపారేయలేదు. కురాక అనే వంశపారంపర్య నాయకులే పదుల, వందల, వేల బృందాలను నడిపించారు. వారి మీద రాష్ట్రానికి ఒకరు చొప్పున కుస్కో కులీన వర్గానికి చెందిన గవర్నర్ ఉండేవాడు. అతని పదవి పేరుకు అర్థం ‘అంతా చూసేవాడు’. కాబట్టి ఇన్కా రాజ్యం ప్రతి ఇంటినీ నేరుగా ఏలిందని, రోమ్ మాత్రం పెద్దలకు వదిలేసిందని చెప్పడం పొరపాటు. రెండూ స్థానికుల భుజాల మీదే నిలిచాయి. తేడా ఏమిటంటే, రోమ్ ఆ పెద్దమనిషికి ఒక మొత్తం చెప్పి పక్కకు తప్పుకుంది. ఇన్కా ఎవరు ఎన్నాళ్లు ఏ పనికి అన్నది కూడా ముడివేసి ఉంచుకోవాలనుకుంది. డబ్బుకు ముఖం ఉండదు, పనికి ఉంటుంది.

తీసుకున్న పని ఏమయ్యేది? సాగుభూమిని రాజుకు, సూర్యదేవాలయానికి, ఊరికి అని విడదీసి, మొదటి రెంటిలో వంతులవారు పండించిన పంట గాదెలకు చేరేది. వానుకో పంపా అనే ఇన్కా పట్టణం వెనక కొండవాలు మీద దాదాపు 500 గాదెలు వరసలుగా నిలబడి ఉన్నాయి. గుండ్రటివి ఎక్కువగా మొక్కజొన్నకు, పొడవాటివి దుంపలకు. గాలి ఆడేలా, వాననీరు జారిపోయేలా వాలు మీదే కట్టారు. కొన్నిటి నేల కింద గులకరాళ్లు పరిచారు. మంతారో లోయలో అయితే ఇలాంటివి రెండు వేలకు పైగా లెక్కతేలాయి. రాత్రి మంచుకు గడ్డకట్టించి, పగలు ఎండబెట్టి, కాళ్లతో తొక్కి నీరు పిండేసిన చూన్యో అనే బంగాళాదుంప ఒరుగులు ఏళ్ల తరబడి పాడవకుండా వాటిలో ఉండేవి. ఎండబెట్టిన మాంసం, ఉన్ని, దుస్తులు, చెప్పులు, ఆయుధాలు కూడా అక్కడే. ఆ పట్టణం నడుమ 500 మీటర్లకు పైగా పొడవున్న మైదానం, దాని చుట్టూ తవ్వకాల్లో దొరికిన పెద్ద పెద్ద బానలు ఆ గాదెల రెండో సగం కథ చెబుతాయి. మొక్కజొన్నతో కాచిన చిచా అనే మద్యం అక్కడ ధారాళంగా పోసేవారు. వంతుకు వచ్చినవారికి విందు ఇవ్వకపోతే రాజుకు పని అడిగే ముఖం ఉండదు. మేలురకం బట్ట సైనికాధికారులకు, కురాకలకు బహుమానంగా వెళ్లేది. రోమ్‌లో సైనికుడికి జీతం ఎలాగో ఇక్కడ బట్ట అలాగ.

రోమ్ దగ్గర ఈ గాదెల పని సముద్రం చేసింది. భారీ సరుకును బండి మీద కంటే ఓడ మీద తరలించడం ఎన్నో రెట్లు చవక. ఈజిప్టు నుంచి పన్నుగా వచ్చిన గోధుమ అలెగ్జాండ్రియాలో ఓడలెక్కి, అగస్టస్ కాలంలో రోమ్ నగరంలో 2 లక్షల మందికి ఉచితంగా పంపిణీ అయ్యేది. అంటే రోమ్ కూడా అంతా నాణెంగానే తీసుకోలేదు. అయినా యంత్రాన్ని తిప్పింది నాణెమే. సరిహద్దుల్లో సుమారు 3 లక్షల మంది జీతగాళ్ల సైన్యం ఉంది. ఒక లీజియన్ సైనికుడికి అగస్టస్ కాలంలో ఏడాదికి 225 దెనారీల జీతం. ఆ నాణేలు రైన్, డాన్యూబ్ ఒడ్డున ఖర్చవుతాయి. పన్ను కట్టవలసిన స్పెయిన్, ఆసియా మైనర్ రైతులు, వర్తకులు వాటిని తిరిగి సంపాదించుకోవడానికి నూనె, ద్రాక్షసారా, మట్టిపాత్రలు అమ్ముకోవాలి. పన్నే వర్తకాన్ని తోసిందని కొందరు చరిత్రకారుల వాదన; నాకు అది సబబుగానే తోస్తుంది. నాణేనికి హద్దులు తెలియవు కూడా. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి తగిలిన కుండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. ఇన్కా నేసిన బట్ట అలా సముద్రాలు దాటి ఎవరి కుండలోనూ చేరలేదు, అది ఎవరి చేత ఎవరికి అందిందన్నదే దాని విలువ కాబట్టి.

మనిషి కదలిక విషయంలో రెండూ వ్యతిరేక దిక్కుల్లో నడిచాయి. ఇన్కాలు గెలిచిన జాతులను ముక్కలుగా చేసి దూరదేశాలకు తరలించేవారు. అలా తరలినవారిని మిత్మక్‌లు అన్నారు. వైనా కపాక్ రాజు నేటి బొలీవియాలోని కొచబాంబ లోయను చాలావరకు ఖాళీ చేయించి, సైన్యానికి మొక్కజొన్న పండించడానికి వేర్వేరు జాతుల నుంచి 14,000 మందిని తెప్పించాడు. అయితే ఎక్కడికి వెళ్లినా పుట్టిన జాతి తలపాగా, దుస్తులు, జుట్టు తీరు మార్చుకోవడానికి వీల్లేదు. చూడగానే ఎవరు ఏ తెగవాడో తెలియాలి. పనిని లెక్కపెట్టే రాజ్యానికి ఇది సహజమైన కోరిక. రోమ్‌లో ఎదుగుదలంటే తన గుర్తును మార్చుకోవడం. సిరియా నుంచో గాల్ నుంచో సహాయక దళంలో చేరినవాడు 25 ఏళ్లు కొలువు చేస్తే రోమన్ పౌరుడయ్యేవాడు. ఆ సంగతి చెక్కిన చిన్న కంచు పలకల జత అతని చేతికి వచ్చేది. ఇలాంటివి వందల కొద్దీ దొరికాయి. పౌరుడికి గవర్నర్ తీర్పు మీద చక్రవర్తికి చెప్పుకునే హక్కు ఉంది, ఈజిప్టులో తలపన్ను మినహాయింపూ ఉంది. 212లో కారకల్లా స్వతంత్రులైన నివాసులు దాదాపు అందరినీ పౌరులుగా ప్రకటించాడు. వారసత్వ పన్ను రాబడి పెంచుకోవడానికే ఇలా చేశాడని ఆ కాలపు చరిత్రకారుడు ఒకరు ఎత్తిపొడిచాడు.

‘స్వతంత్రులైన’ అన్న మాటను తేలిగ్గా దాటకూడదు. రోమ్ పన్ను తేలికగా కనిపించడానికి ఒక కారణం, అత్యంత కఠినమైన పని పన్ను జాబితాల్లో లేనివారి మీద పడటం. స్పెయిన్ గనుల్లోనూ ఇటలీ ఎస్టేట్లలోనూ లక్షల మంది బానిసలు పనిచేశారు. ఇన్కా సమాజంలో సంతలో కొని అమ్మే బానిసత్వం లేకపోయినా, తమ ఊరి నుంచి శాశ్వతంగా విడదీసి రాజసేవకు పెట్టిన యానకునలు, చిన్నతనంలోనే ఎంపిక చేసి ఆవరణల్లో ఉంచి నేతకూ చిచా తయారీకీ పెట్టిన ఆడపిల్లలు ఉన్నారు. ఏ సామ్రాజ్యం దయగలదన్న చర్చ వీరిని పక్కన పెట్టి చేయడం వృథా.

రహదారుల గురించి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. రోమ్ ప్రధాన రహదారులు సుమారు 80,000 కిలోమీటర్లు, ఇన్కాలవి సుమారు 40,000. రోమ్ దారి బండికోసం, ఇన్కా దారి కాలికోసం. అందుకే అది కొండల మీద మెట్లుగా ఎక్కుతుంది, లోయల మీద గడ్డితాళ్ల వంతెనగా ఊగుతుంది. చాస్కీలు అనే పరుగు వార్తాహరులు మజిలీ మజిలీకీ చేతులు మారుస్తూ రోజుకు 240 కిలోమీటర్ల దాకా సందేశం చేరవేసేవారని చెబుతారు. అపురిమాక్ నది మీద క్వెస్వచాకా వంతెనను నాలుగు ఊళ్లవారు నేటికీ ఏటా జూన్‌లో కొత్తగా అల్లుతారు. ఎవరు ఎంత తాడు పేనాలన్నది వంతుల ప్రకారమే.

ఇక పగుళ్ల సంగతి. సింహాసనం ఎవరిదన్న దానికి రెండు చోట్లా గట్టి నియమం లేదు. రోమ్‌లో 235 తరవాత యాభై ఏళ్లలో ఇరవైమందికి పైగా చక్రవర్తులు వచ్చిపోయారు. సైన్యాన్ని కొనుక్కోవడానికి ప్రతివాడూ నాణేలు ముద్రించాడు. 270 నాటికి వెండి నాణెంలో వెండి నూటికి అయిదు పాళ్లు కూడా మిగల్లేదు. నాణెం చచ్చిపోయాక రోమ్ ఏం చేసిందన్నది ఈ పోలిక మొత్తంలో నాకు అన్నిటికన్నా ఆసక్తికరం. 284లో వచ్చిన డయోక్లీషియన్ పన్నును ధాన్యం, మాంసం, దుస్తుల రూపంలో విధించాడు, భూమినీ మనుషులనూ పశువులనూ కలిపి కొత్తగా లెక్కపెట్టించాడు, రాష్ట్రాలను సుమారు వందకు పెంచి అధికారులను ఎన్నో రెట్లు చేశాడు. 301లో వెయ్యికి పైగా సరుకులకూ సేవలకూ గరిష్ఠ ధరలు రాళ్ల మీద చెక్కించాడు, అవి నిలవలేదు. 332లో కాన్‌స్టంటైన్ చట్టం పారిపోయిన కౌలురైతును వెనక్కి పంపమంది, పారిపోతాడని అనుమానం ఉంటే సంకెళ్లు వేయమంది. నగర సభ సభ్యత్వం గౌరవం నుంచి తప్పించుకోలేని శిక్షగా మారింది. నాణెం పోయేసరికి రోమ్ కూడా గాదె, జనగణన, కట్టిపడేసిన చేతులు అనే దారికే వచ్చింది. కాకపోతే అక్కడ చిచా విందు లేదు.

ఇన్కాల కూలుడు వేగంగా జరిగింది. 1520ల్లో బహుశా మశూచి వల్ల వైనా కపాక్ చనిపోయాక, కొడుకులు వాస్కర్, అతావల్పాల మధ్య యుద్ధం జరిగింది. చనిపోయిన ప్రతి రాజు ఎస్టేట్లూ అతని వంశం చేతిలోనే ఉండిపోయి, కొత్త రాజు తన ఆస్తి తానే సంపాదించుకోవలసి రావడం ఈ తగవును ముదిరించిందని కొందరు పండితులంటారు. 1532 నవంబరు 16న కహమార్కాలో, ఆ యుద్ధంలో గెలిచిన అతావల్పాను స్పానిష్ దండు నాయకుడు పిసారో వెంట ఉన్న 168 మంది బంధించారు. అంత రాజ్యాన్ని ఆ కొద్దిమందే గెలవలేదు. ఇన్కాల కింద ఒకటి రెండు తరాలే గడిచిన వాంకా, కన్యారి, చచపోయా వంటి జాతులు వారితో చేతులు కలిపాయి. తలపాగా మార్చుకోనివ్వని రాజ్యంలో ఎవరూ తమ తెగను మరచిపోలేదు. స్పానిష్ పాలకులు తరవాత మిత అన్న పేరును, లెక్కను ఉంచుకుని, విందును తీసేశారు. 1570ల నుంచి పొతొసి వెండి గనికి ఏటా వేల మంది వంతుల మీద వెళ్లారు.

మంతారో లోయలోని హతున్ షౌషాలో వాంకా కురాకలు, పిసారో 1533లో తమ గడప తొక్కిన రోజు నుంచి పాత అలవాటు ప్రకారం గాదెలు తెరిచి స్పానిష్ దండుకు సరుకు ఇచ్చారు, ఇచ్చింది ఇచ్చినట్టు ముడి వేశారు. దాదాపు ముప్పై ఏళ్ల తరవాత, 1561లో, వారు ఆ ఖిపులతో లిమాలోని స్పానిష్ న్యాయస్థానానికి వెళ్లి పరిహారం కోరారు. దారాలు పట్టుకుని పద్దు పద్దూ చదువుతుంటే గుమాస్తాలు స్పానిష్‌లో రాసుకున్నారు. ముందు మనుషులు, తరవాత లామాలు, తరవాత బట్ట, ఆపైన మొక్కజొన్న, దుంపలు, చెప్పులు, చేపలు, పిట్టలు. అడిగితే ఇచ్చింది ఒక లెక్క. అడగకుండా దోచుకున్నది వేరే లెక్క.